నలభై మిల్లీసెకన్ల గడువు

శంషాబాద్ విమానాశ్రయానికి ఎవరినైనా సాగనంపడానికి వెళ్ళారా? టిక్కెట్టు ఉన్నవాళ్ళు లోపలికి వెళతారు. మిగిలిన వాళ్ళం అద్దాల గోడకు ఇవతలే ఆగిపోతాం. దుబాయికో మస్కట్‌కో పోయే కొడుకు లోపల వరుసలో నిలబడి ఉంటాడు. తల్లీ తండ్రీ ఇవతల అద్దానికి ముఖం ఆనించి చూస్తుంటారు. అద్దంలోంచి మనిషి కనిపిస్తాడు గాని మాట వినిపించదు. అందుకని లోపలివాడు ఫోను తీసి వీడియో కాల్ చేస్తాడు. ఇది అక్కడ రోజూ కనిపించే దృశ్యమే.

మీరు ఈసారి వెళ్ళినప్పుడు ఒక సంగతి గమనించండి. లోపలివాడు చెయ్యి ఊపుతాడు. అద్దంలోంచి ఆ చెయ్యి వెంటనే కనిపిస్తుంది. మీ చేతిలోని ఫోనులో మాత్రం ఆ చెయ్యి ఇంకా కిందనే ఉంటుంది. ఒక క్షణం గడిచాక ఫోనులోని చెయ్యి లేస్తుంది. అద్దంలోని మనిషి ఊపడం ఆపేశాక కూడా ఫోనులోని మనిషి ఊపుతూనే ఉంటాడు!

వెలుతురు 20 మీటర్లు ప్రయాణించడానికి సెకనులో కోటో వంతు కూడా పట్టదు. అందుకే అద్దంలోంచి వచ్చిన బొమ్మకు ఆలస్యం లేదు. ఫోనులోని బొమ్మ అలా రాలేదు. కెమెరా నుంచి చిప్పులోకి, అక్కడినుంచి టవరుకు, ఎక్కడో ఉన్న కంప్యూటర్లకు, మళ్ళీ టవరుకు, మీ ఫోను చిప్పులోకి, చివరికి తెర మీదికి వచ్చింది. దారిలో పోయే కాలం సంగతి మరో పాఠం. రెండు కొసల్లోనూ ఉన్న చిప్పులు ఏం చేస్తున్నాయన్నది ఈ పాఠం.

ఆలస్యం ఎంతవరకు ఓర్చుకోగలం? మాట ఒక కొస నుంచి రెండో కొసకు 150 మిల్లీసెకన్లలోగా చేరితే సంభాషణ హాయిగా సాగుతుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ప్రమాణం చెబుతుంది. మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు. ఆలస్యం 400 దాటితే ఏమవుతుందో మీకు అనుభవమే. ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు, ఇద్దరూ ఒకేసారి ఆగిపోతారు, "నువ్వు చెప్పు", "కాదు, నువ్వే చెప్పు" అనుకుంటారు. ఆ 150లో సింహభాగం దారికే పోతుంది. చిప్పుకు మిగిలేది తక్కువ.

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకోండి. ఈ పాఠమంతా లెక్కే.

ఒక మాదిరి వీడియోలో ప్రతి బొమ్మకూ అడ్డంగా 1280 చుక్కలు, నిలువుగా 720 వరుసలు ఉంటాయి. అంటే 9,21,600 చుక్కలు. ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలు కావాలి. ఒక్కో అంకెకు ఒక బైటు. కనుక ఒక బొమ్మకు 27,64,800 బైట్లు. సెకనుకు 25 బొమ్మలు చూపిస్తేనే కదలిక కన్నుకు ఇంపుగా ఉంటుంది. 25తో గుణిస్తే సెకనుకు 6,91,20,000 బైట్లు, అంటే 55 కోట్ల బిట్లు దాటిపోయింది. వీడియో కాల్‌కు మన ఫోను దారిలో దొరికే చోటు సుమారు పది పదిహేను లక్షల బిట్లు. ఏనుగును చీమ కలుగులోంచి పంపాలి!

పైగా గడువుంది. సెకనుకు 25 బొమ్మలంటే బొమ్మకూ బొమ్మకూ మధ్య 40 మిల్లీసెకన్లు. ఆలోపల ఈ బొమ్మను కుదించి పంపేయాలి, ఎందుకంటే తర్వాతి బొమ్మ వచ్చి తలుపు దగ్గర నిలబడుతుంది. పరీక్షలో చివరి గంట కొట్టాక రాసిన జవాబు ఎంత సరైనదైనా దానికి మార్కులు లేవు గదా. ఇక్కడా అంతే. గడువు దాటి వచ్చిన బొమ్మ సరైనదే అయినా పనికిరాదు, పారేస్తారు. ఫోనులో ముఖం బిగుసుకుపోయినట్టు నిలిచిపోయేది ఇలాంటప్పుడే. సగటున 40 మిల్లీసెకన్లలో ముగిస్తే చాలదు, ప్రతిసారీ ముగించాలి. ఇలా గడువుతో నడిచే పనిని ఇంజనీర్లు రియల్‌టైమ్ పని అంటారు.

సినిమాను కుదించి దాచేవాళ్ళకు ఈ బాధ లేదు. ఒక గంట సినిమాకు మూడు గంటలు తీసుకున్నా అడిగేవాళ్ళు లేరు. రాబోయే బొమ్మలను కూడా ముందే చూసి, వాటిని బట్టి ఇప్పటి బొమ్మను కుదించవచ్చు. అద్దం అవతల నిలబడ్డవాడు రేపు ఎలా చెయ్యి ఊపుతాడో ఫోనుకు తెలియదు.

మరి కుదించడం ఎలా? కొంత పని సులువుగానే అవుతుంది. మన కంటికి వెలుగునీడల తేడా పట్టినంత బాగా రంగుల తేడా పట్టదు. అందుచేత వెలుతురు అంకెలను ఉన్నవున్నట్టు ఉంచి, రంగు అంకెలను నాలుగు చుక్కలకు ఒకటి చొప్పున ఉంచితే మొత్తం సగానికి దిగుతుంది. అసలు లాభం వేరే చోట ఉంది. వరుసగా వచ్చే రెండు బొమ్మలు దాదాపు ఒకేలా ఉంటాయి. కొడుకు వెనకాల గోడ కదలదు, స్తంభం కదలదు. కదిలింది చెయ్యి. ఆ చెయ్యి కూడా కొత్తది కాదు. ఇందాకటి బొమ్మలో కొంచెం కింద ఉన్నదే ఇప్పుడు పైకి జరిగింది. అలాంటప్పుడు బొమ్మంతా మళ్ళీ పంపడం దేనికి? "ఇందాకటి బొమ్మలో ఫలానా ముక్కను 5 చుక్కలు పైకి, 2 చుక్కలు కుడికి జరుపుకో" అని చెబితే చాలు.

చెప్పడం తేలికే. ఏ ముక్క ఎటు జరిగిందో ముందు కనుక్కోవాలి గదా! చిక్కంతా అక్కడుంది.

బొమ్మను 16 చుక్కల పొడవు, 16 చుక్కల వెడల్పు ఉన్న గడులుగా కోస్తారు. అడ్డంగా 80, నిలువుగా 45, మొత్తం 3,600 గడులు. ఒక్కో గడిని తీసుకుని, పాత బొమ్మలో అదే చోట, ఆ చుట్టుపక్కల పెట్టి చూస్తారు. నాలుగు దిక్కులా 16 చుక్కల దాకా వెతకాలంటే అడ్డంగా 33, నిలువుగా 33, మొత్తం 1,089 చోట్లు. ఒక్కో చోట 256 చుక్కల వెలుతురు అంకెలను ఒకదానిలోంచి ఒకటి తీసివేసి, తేడాలన్నీ కూడాలి. మొత్తం తేడా ఎక్కడ అతి తక్కువో అక్కడినుంచే ఆ ముక్క వచ్చిందన్నమాట.

ఒక్క గడికి 1,089 × 256 = 2,78,784 తీసివేతలు. సెకనుకు 3,600 × 25 = 90,000 గడులు. గుణించండి. 2,509 కోట్లు దాటుతుంది! ఒక సెకనుకు.

మామూలు ప్రాసెసరు ఎంత చురుకైనదైనా స్వభావరీత్యా ఒంటరి పండితుడి వంటిది. ఒక అంకె తీసుకురా, రెండోది తీసుకురా, తీసివెయ్యి, గుర్తు తొలగించు, మొత్తానికి కలుపు అని ఐదు ఆజ్ఞలైనా కావాలి. 2,509 కోట్లకు ఐదు రెట్లంటే 12,545 కోట్ల ఆజ్ఞలు. సెకనుకు 300 కోట్ల టిక్కులు కొట్టే ప్రాసెసరు టిక్కుకు ఒక ఆజ్ఞ చొప్పున చేస్తూ పోతే, ఒక్క సెకను వీడియోకు దాదాపు 42 సెకన్లు కూర్చోవాలి. నేటి ప్రాసెసర్లలో అలాంటి పండితులు నలుగురో ఎనిమిదిమందో ఉంటారు, ఒకే ఆజ్ఞతో పదహారు అంకెలు పట్టే ఉపాయాలూ ఉన్నాయి. అయినా పని పూర్తయ్యేసరికి ఫోను వేడెక్కి, బ్యాటరీ అయిపోతుంది.

వెతకడంలోనే ఉపాయం పన్నితే? 1981లోనే జపాను ఇంజనీర్లు మూడు అడుగుల వెతుకులాట అనే పద్ధతి చెప్పారు. ముందు దూరదూరంగా తొమ్మిది చోట్ల చూసి, వాటిలో మంచిదాని చుట్టూ దగ్గరగా ఎనిమిది చోట్ల, మళ్ళీ ఇంకా దగ్గరగా ఎనిమిది చోట్ల చూడడం. నాలుగు దిక్కులా ఏడేసి చుక్కలు వెతికే పనికి 225 చోట్లకు బదులు 25 చాలు. ఒక్కోసారి తప్పుదారి పట్టి అసలు చోటును వదిలేస్తుందనుకోండి. తర్వాత ఇలాంటివి ఎన్నో వచ్చాయి. కాని చిప్పు గీసేవాళ్ళలో చాలామంది మొదట్లో ఆ మొద్దు పద్ధతినే, అంటే అన్ని చోట్లా వెతకడాన్నే ఇష్టపడ్డారు. ఎందుకో నాకు మా తొమ్మిదో తరగతి పిల్లలు చూపించారు.

ఈ ఆట మీరూ ఆడి చూడండి. 7, 2, 9, 4 అనే నాలుగు అంకెలు మన గడి. పాత బొమ్మలోని వరుస ఇది: 3, 8, 7, 3, 9, 4, 6, 1, 5, 2. మన గడి ఈ వరుసలో ఎక్కడికి బాగా అతుకుతుంది? నాలుగంకెల గడిని పది అంకెల వరుస మీద ఏడు చోట్ల పెట్టవచ్చు. మొదటి చోట 3, 8, 7, 3. తేడాలు 4, 6, 2, 1. మొత్తం 13. రెండో చోట 17. మూడో చోట 1. మిగిలినవి వరుసగా 18, 10, 16, 8. మూడో చోటే సరైనది.

ఈ పనికి నలుగురు పిల్లలను కూర్చోబెట్టాను. ఒక్కొక్కరికి గడిలోని ఒక్కో అంకె. ఐదోవాడు పాత వరుసలోని అంకెలను చీటీల మీద రాసి పంచాలి. నలుగురూ ఒకేసారి తీసివేస్తారు గనుక పని నాలుగు రెట్లు త్వరగా అయిపోతుందని అందరమూ అనుకున్నాం. కాలేదు! లెక్క చేసే నలుగురూ ఖాళీగా కూర్చుని కబుర్లు మొదలుపెట్టారు. చీటీలు రాసి పంచేవాడికి మాత్రం చెమటలు పట్టాయి. ఏడు చోట్లకు, చోటుకు నాలుగు చొప్పున 28 చీటీలు అందించాలి. ఎంతమంది లెక్కగాళ్ళను పెడితే ఏం లాభం, అందించేవాడు ఒక్కడే అయితే?

ఒక అమ్మాయి లేచి, "సార్, ఇచ్చిన చీటీయే మళ్ళీ ఎందుకు రాయాలి? నా చీటీ పక్కవాడికి ఇచ్చేస్తాను" అంది. చూడండి. మొదటి చోట 3, 8, 7, 3 ఉన్నాయి. రెండో చోట 8, 7, 3, 9 కావాలి. వీటిలో మూడు అప్పటికే పిల్లల చేతుల్లో ఉన్నాయి! ప్రతివాడూ తన చీటీని ఎడమ పక్కవాడికి ఇచ్చేస్తే, కొత్తగా కావలసింది కుడి చివరవాడికి ఒక్క 9. ఇలా చేస్తే మొత్తం 28 చీటీలకు బదులు 10 చాలు. పంచేవాడు ఊపిరి పీల్చుకున్నాడు, నలుగురికీ చేతినిండా పని దొరికింది.

ఇళ్ళ కప్పులకు స్లాబు పోసేటప్పుడు కూలీలను చూసే ఉంటారు. శంషాబాద్ చుట్టుపక్కల అయితే రోజూ ఎక్కడో ఒకచోట స్లాబు పడుతూనే ఉంటుంది. కాంక్రీటు తట్టను ఒక్కడే నెత్తిన పెట్టుకుని కింద నుంచి పైకి ఎక్కిరాడు. నిచ్చెన పొడవునా మనుషులు నిలబడి చేతి నుంచి చేతికి తట్ట అందిస్తారు. ఎవరూ అటూ ఇటూ నడవరు, తట్టే నడుస్తుంది.

వీడియో చిప్పులో సరిగ్గా ఇదే ఏర్పాటు. 16 వరుసలు, వరుసకు 16 చొప్పున 256 బుల్లి తీసివేత యంత్రాలను పక్కపక్కన పేరుస్తారు. ఒక్కొక్కటీ గడిలోని ఒక చుక్కను పట్టుకుని కూర్చుంటుంది. పాత బొమ్మలోని చుక్కలు వీటి గుండా చేతులు మారుతూ సాగిపోతాయి. గడియారం టిక్కుమన్నప్పుడల్లా 256 తీసివేతలు ఒక్కసారే జరుగుతాయి, ప్రతి అంకె పక్కింటికి జరుగుతుంది. 1978లో అమెరికాలో హెచ్. టి. కుంగ్, చార్లెస్ లైసర్సన్ అనే ఇద్దరు ఇలాంటి అమరికకు సిస్టోలిక్ అని పేరు పెట్టారు. జీవశాస్త్రంలో గుండె సంకోచాన్ని సిస్టోల్ అంటారని చదివారు గదా. గుండె ఒక్కో స్పందనకు రక్తాన్ని ముందుకు తోసినట్టు, గడియారం ఒక్కో టిక్కుకు అంకెలను ముందుకు తోస్తుంది.

లాభం ఎంతో చూద్దాం. ఒక గడికి వెతకవలసిన ప్రాంతం 48 చుక్కల పొడవు, 48 చుక్కల వెడల్పు. అంటే 2,304 చుక్కలు. ఎవరికి వారికి చీటీలు పంచే పద్ధతిలో 2,78,784 సార్లు అందించాలి. చేతులు మార్చే పద్ధతిలో ప్రతి చుక్కా బయటి నుంచి ఒక్కసారి వస్తే చాలు. భాగించండి. సరిగ్గా 121 రెట్లు తక్కువ. పక్క గడికి వెళ్ళినప్పుడు ఈ 48 నిలువు వరుసల్లో 32 పాతవే గనుక, వాటిని దాచుకుంటే కొత్తగా తేవలసింది 768 చుక్కలే.

ఇక వేగం. 90,000 గడులు, గడికి 1,089 చోట్లు, చోటుకు ఒక టిక్కు. సెకనుకు 9 కోట్ల 80 లక్షల టిక్కులు. 300 కోట్ల టిక్కులు కొట్టే పండితుడు 42 సెకన్లు తీసుకునే పనిని, అతనిలో ముప్పయ్యో వంతు వేగంతో నడిచే నిదానస్తుల గుంపు ఒక్క సెకనులో ముగించింది! మొద్దు పద్ధతి చిప్పుకు నచ్చేది ఇందుకే. ఎప్పుడూ ఒకే క్రమం, ఎవరి చీటీ ఎప్పుడు ఎవరికి వెళ్ళాలో ముందే తెలుసు. మూడు అడుగుల పద్ధతిలో తర్వాతి అడుగు ఎటో తెలియదు గనుక కూలీల వరుసను ఎక్కడ నిలబెట్టాలో చెప్పలేం.

చేతులు మార్చడంలో మరో పెద్ద మేలుంది. చిప్పులో రెండు చిన్న అంకెలను కూడడానికి పట్టే విద్యుత్తు చాలా స్వల్పం. అదే అంకెను చిప్పు బయట ఉన్న మెమరీ నుంచి తేవడానికి దానికి వేల రెట్లు పడుతుంది. కొత్తిమీర కట్ట కోసం శంషాబాద్ నుంచి మోండా మార్కెట్టుకు బస్సెక్కి వెళ్ళినట్టు! 2010లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇదే పరిమాణం, అంటే 720 వరుసల వీడియోను కుదించే పనిని రెండు విధాలుగా పోల్చి చూశారు. మామూలు ప్రాసెసర్లకు ప్రత్యేక చిప్పు కంటే దాదాపు 500 రెట్లు ఎక్కువ శక్తి కావలసి వచ్చింది. ఆ శక్తిలో ఎక్కువ భాగం లెక్కకు కాదు, ఆజ్ఞలు తేవడానికీ అంకెలు మోయడానికీ పోయింది.

ముక్క ఎక్కడినుంచి వచ్చిందో తెలిశాక కూడా కొంచెం తేడా మిగులుతుంది. చెయ్యి ఊపేటప్పుడు దాని మీద వెలుతురు మారుతుంది, వేళ్ళు ముడుచుకుంటాయి. ఆ తేడాను కుదించేది మరో ఉపాయం. దాని పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్. పొట్టిగా డీసీటీ అంటారు. చెంప మీద పక్కపక్కన ఎనిమిది చుక్కలు 100, 102, 103, 105, 106, 108, 109, 111 అని ఉన్నాయనుకోండి. ఎనిమిది అంకెలూ పంపాలా? "సగటు ఇంత, మెల్లగా ఇంత పెరుగుతోంది" అని రెండు ముక్కల్లో చెబితే దాదాపు సరిపోతుంది. డీసీటీ ఈ పనిని మీరు పదో తరగతిలో చదివే కొసైన్‌తోనే చేస్తుంది. చుక్కల వరుసను నిదానమైన అలలుగా, వడిగల అలలుగా విడదీస్తుంది. వడిగల అలలు సాధారణంగా చాలా చిన్నవి. వాటిని సున్నా చేసినా కన్ను పట్టుకోలేదు.

దీని వెనక ఉన్న పేర్లు మనకు దగ్గరివి. బెంగుళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్ అమెరికాలోని కాన్సస్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ 1972లో ఈ ఆలోచనకు ధనసహాయం కోరారు. మరీ సులువైన విషయమన్న అభిప్రాయంతో అక్కడి జాతీయ విజ్ఞాన సంస్థ నిరాకరించింది. ఆయన 1973 వేసవంతా ఆ పని మీదే కూర్చున్నారు. తన విద్యార్థి టి. నటరాజన్, తన మిత్రుడు కె. ఆర్. రావుతో కలిసి 1974 జనవరిలో ఫలితం ప్రచురించారు. ఈ కె. ఆర్. రావు పూర్తిపేరు కామిశెట్టి రామమోహనరావు. మద్రాసు గిండీ ఇంజనీరింగు కాలేజీలో చదివి, టెక్సస్ విశ్వవిద్యాలయం వారి ఆర్లింగ్టన్ శాఖలో 1966 నుంచి దశాబ్దాలపాటు పాఠాలు చెప్పారు. 2021లో కన్నుమూశారు. ఫోనులో తీసే ఫొటోల్లో, వీడియోల్లో అత్యధికం ఈ ముగ్గురి లెక్క మీదుగానో దాని సంతతి మీదుగానో పోతున్నాయి. సులువైన విషయమట!

చిప్పు గీసేవాడికి ఈ డీసీటీ ఎంత ఖర్చో చూడండి. ఎనిమిది ఎనిమిదుల 64 చుక్కల గడికి నేరుగా చేస్తే 64 × 64 = 4,096 గుణకారాలు. ముందు అడ్డ వరుసలకు, తర్వాత నిలువు వరుసలకు విడివిడిగా చేస్తే 1,024. 1989లో ముగ్గురు పరిశోధకులు ఒక్కో వరుసను 11 గుణకారాలతో ముగించే దారి కనిపెట్టారు. 16 వరుసలకు 176. మన పెద్ద గడిలో వెలుతురుకు నాలుగు, రంగులకు రెండు, మొత్తం ఆరు చిన్న గడులు ఉంటాయి. 6 × 176 = 1,056. గడికి మనకున్న టిక్కులు 1,089. కనుక ఒక్క గుణకార యంత్రం చాలు! మొదటి పద్ధతిలోనే ఉండిపోతే 23 గుణకార యంత్రాలు పేర్చవలసి వచ్చేది. చిప్పు మీద తీసివేత యంత్రం కంటే గుణకార యంత్రం చాలా చోటు తింటుంది గనుక ఇది చిన్న లాభం కాదు. 2003లో వచ్చిన హెచ్.264 పద్ధతిలో ఆ గుణకారాలను కూడా తీసేసి, కూడికలు, తీసివేతలు, అంకెల జరుపుళ్ళతోనే నడిపించారు. మన లెక్కలో సున్నా చేర్చితే పది రెట్లయినట్టు, కంప్యూటరు రెండంకెల లెక్కలో ఒక స్థానం జరిపితే రెండు రెట్లవుతుంది.

వెతుకులాటకు 256 యంత్రాలు, డీసీటీకి ఒక్కటి. పని ఎక్కడ ఎక్కువో అక్కడే మనుషులను పెట్టడం అన్నమాట. ఈ విభాగాలన్నీ విమానాశ్రయంలో పెట్టెల పట్టా మాదిరి ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ఒక పెట్టె తూకం దగ్గర ఉండగానే దాని ముందున్నది ఎక్స్‌రే కింద, ఇంకా ముందున్నది బండి మీద ఉంటుంది. అలాగే ఒక గడికి వెతుకులాట జరుగుతుండగానే ముందు గడికి డీసీటీ, దాని ముందు గడికి బిట్లుగా మూటకట్టడం జరుగుతుంటాయి. దీన్ని పైప్‌లైన్ అంటారు. ఒక్కో చోట ఒక గడికి 11 మైక్రోసెకన్ల గడువు. ఏ ఒక్క చోట ఆలస్యమైనా పట్టా మొత్తం ఆగిపోతుంది. కనుక అన్ని చోట్లా వేగం సరిపోల్చడమే గీసేవాడి తలనొప్పి.

ఇన్ని మేళ్ళున్న ప్రత్యేక చిప్పుకు ఒక పెద్ద లోపం ఉంది. అది శిలాశాసనం. ఒకసారి చెక్కాక దిద్దడానికి వీల్లేదు. 2003లో హెచ్.264 వచ్చింది, 2013లో హెచ్.265, 2018లో ఏవీ1. ఒకదానికోసం గట్టిగా చెక్కిన చిప్పుకు మరొకటి రాదు. అందుచేత ఇంజనీర్లు మధ్యేమార్గం పట్టారు. ఆజ్ఞలు మార్చుకోగల చిన్న ప్రాసెసరును మేస్త్రీగా పెట్టి, బరువు పనులకు చెక్కిన విభాగాలను కూలీలుగా ఇస్తారు. మరో దారి ఎఫ్‌పీజీఏ అనే చిప్పు. ఇది శిలాశాసనం కాదు, పలక. లోపలి తీగల అమరికను తుడిచి మళ్ళీ రాయవచ్చు. కొత్త అమరికను ముందు దీని మీద రాసి చూసి, తప్పులు దిద్దుకుని, ఆ తర్వాత శిల మీద చెక్కిస్తారు. దీన్ని 1985లో మొదట అమ్మిన జైలింక్స్ కంపెనీ 2022లో ఏఎండీలో కలిసిపోయింది. హైదరాబాదులో ఏఎండీ, క్వాల్‌కామ్ వంటి కంపెనీల కార్యాలయాల్లో చిప్పులు గీసే ఇంజనీర్లు వేలల్లో ఉన్నారు.

గీయడం ఇక్కడ జరుగుతున్నా అచ్చువేయడం ఎక్కువగా తైవాన్ వంటి దూరదేశాల్లో. అదీ ఇక్కడే జరగాలని విమానాశ్రయానికి దగ్గరలోని రావిర్యాల వద్ద 2006లో ఫ్యాబ్ సిటీ ప్రకటించారు. చిప్పులు అచ్చువేసే కర్మాగారం మాత్రం రాలేదు. తర్వాత ఆ స్థలంలో సౌరవిద్యుత్ పలకలు, ఎలక్ట్రానిక్ వస్తువుల పరిశ్రమలు వెలిశాయి.

విమానాశ్రయం దాకా వచ్చాం గనుక మరొక్క సంగతి. ఇప్పుడు ముఖం చూసి తలుపు తెరిచే డిజియాత్ర ఏర్పాటు శంషాబాద్‌లోనూ ఉంది. ముఖాన్ని గుర్తుపట్టే లెక్కలో తీసివేతలకు బదులు కోట్లాది గుణకారాలు, కూడికలు ఉంటాయి. అలాంటి లెక్కలకూ ఈ చేతులు మార్చే అమరికే పనికొస్తుంది. 2015 నుంచి గూగుల్ తన కంప్యూటర్ కేంద్రాల్లో వాడిన టీపీయూ చిప్పులో అడ్డంగా 256, నిలువుగా 256, మొత్తం 65,536 గుణకార యంత్రాలు ఇలాగే చేతులు మార్చుకుంటూ పనిచేశాయి. నిచ్చెన మీద తట్టలు అందించే వరుస ఎంత పెద్దదయిందో చూశారా!

ఇక మీరు చేయవలసిన లెక్క. పెద్ద తెర వీడియోలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. 1920ని 16తో భాగిస్తే 120 గడులు, సరిగ్గా పోయింది. 1080ని 16తో భాగించి చూడండి. శేషం మిగులుతుంది. చిప్పు సగం గడిని ఒప్పుకోదు. కనుక కింద 8 వరుసలు ఉత్తుత్తివి అతికించి 1088 చేసి కుదిస్తారు, చూపించేటప్పుడు వాటిని కోసేస్తారు. అప్పుడు బొమ్మకు ఎన్ని గడులు? 256 యంత్రాలతోనే నడిపితే సెకనుకు ఎన్ని టిక్కులు కావాలి? 22 కోట్లకు కొంచెం పైన వస్తే మీ లెక్క సరైనదే. టిక్కులను 10 కోట్లకు మించనివ్వకూడదంటే ఇలాంటి వరుసలు ఎన్ని పేర్చాలో, వాటన్నిటికీ చీటీలు ఎవరు అందిస్తారో కూడా గీసి చూడండి.